చెవికి రెప్పలుంటే ఎంత బాగుండు!

గుంటూరు బ్రాడీపేటలో చిరునామా చెప్పడం బహు తేలిక. 'నాలుగు బై పద్నాలుగు' అంటే చాలు... నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డులో ఆటో అబ్బాయి దింపేస్తాడు. వచ్చిన చిక్కల్లా ఆ మాట అతనికి వినిపించేలా చెప్పడమే. శంకర్‌విలాస్‌ సెంటర్లో సాయంత్రం పూట పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవికోసిన మేకలా అరవాల్సిందే!

ఈ పేటలో ఎటు తిరిగినా ఆసుపత్రులు, స్కాన్‌ సెంటర్లు, స్కూళ్లు, కోచింగ్‌ సెంటర్లు. అంటే నిద్ర కావలసిన రోగులూ, ఏకాగ్రత కావలసిన పిల్లలూ వెతుక్కుంటూ వచ్చే చోటు. సరిగ్గా అక్కడే హారన్లు, సైలెన్సర్‌ మార్పించిన బుల్లెట్‌ బండ్లు, ఓ పక్కగా రైలు కూతలు. పెళ్లి ఊరేగింపు డీజే బాక్సులు వచ్చాయంటే కిటికీ తలుపులు సైతం గడగడలాడతాయి.

పదంటే పది కాదు

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారని తెలిసిందే. ఇందులో ఓ మెలిక ఉంది. 55 కాస్తా 65 అయితే పదే కదా పెరిగిందనుకుంటాం. కానీ శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్టు. 75కి చేరితే వంద రెట్లు! రోజూ 85 డెసిబెల్స్‌ మధ్య 8 గంటలు గడిపితే చెవికి ముప్పే. అదే 88 అయితే 4 గంటలే గడువు. ఒక్కో లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు దాదాపు 15 వేలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు.

వినికిడి సంగతి అందరూ చెప్పేదే. గుండె సంగతే చాలామందికి తెలియదు. కంటికి రెప్పలున్నాయి, చెవికి లేవు. మనం నిద్రపోతున్నా అది వింటూనే ఉంటుంది. అర్ధరాత్రి హారన్‌ మోగితే మెలకువ రాకపోయినా గుండె వేగం పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు సాగితే రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు ఎక్కువవుతుంది. వాహనాల రొద వల్ల పశ్చిమ ఐరోపా ప్రజలు ఏటా కనీసం పది లక్షల ఆరోగ్యకరమైన జీవిత సంవత్సరాలు కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో లెక్కగట్టింది. 'మాకు అలవాటైపోయిందండీ' అంటుంటారు. అలవాటయ్యేది మనసుకే... గుండెకు కాదు.

పట్టాల పక్క తరగతి

మరి చదువో? న్యూయార్క్‌లో ఓ బడి పక్కనే వంతెన మీదుగా రైళ్లు వెళ్లేవి. అక్కడి పిల్లలపై ఆర్లీన్‌ బ్రాంజాఫ్ట్‌ అనే సైకాలజిస్టు చేసిన అధ్యయనం 1975లో వెలువడింది. పట్టాల వైపు గదుల్లో చదివే ఆరో తరగతి పిల్లలు, అవతలి వైపు గదుల వారికన్నా పఠనంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు! తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, గదుల పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చారు. మళ్లీ పరీక్షిస్తే రెండు వైపుల పిల్లలూ సమానమే.

చట్టానికేం లోటు లేదు

2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ దాటకూడదు. నిశ్శబ్ద మండలాల్లో 50, 40. అప్పట్లో ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు ఈ మండలం కిందికే వచ్చేవి. ఆ లెక్కన బ్రాడీపేటలో ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి. కానీ 2017లో నిబంధన మార్చారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలం. ఆసుపత్రి ఉన్నంత మాత్రాన సరిపోదు! కాబట్టి కాలనీ సంఘాలు అడగాల్సింది బోర్డులు కాదు, ఆ ప్రకటన.

అనవసరంగా హారన్‌ కొడితే మొదటిసారి వెయ్యి, ఆపైన రెండు వేల రూపాయల జరిమానా వేయొచ్చని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగించకూడదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చిచెప్పింది. 112కు ఫోన్‌ చేసి ఫిర్యాదు చేయొచ్చు. అయినా చాలామంది ఫోన్‌ చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోతారు. మోగేది పొరుగింటి పెళ్లి డీజే... రేపు మనింటి పెళ్లికీ అదే డీజేని పిలవాలి కదా!