బెంగళూరులో జీతం ఎంత అడగాలి? ముందే ఇలా తెలుసుకోండి

అనంతపురం, కర్నూలు, చిత్తూరు ప్రాంతాల నుంచి ఎందరో యువతీయువకులు ఉద్యోగాల కోసం బెంగళూరు వెళ్తున్నారు. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివినవారికి, ఆ రంగంలో తెలిసినవాళ్లు లేనివారికి ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ఇబ్బంది పెడుతుంది: ‘జీతం ఎంత ఆశిస్తున్నారు?’ తోచిన అంకె చెబితే నష్టం ఆ ఒక్క ఏడాదితో పోదు. తర్వాతి కంపెనీ కూడా చాలాసార్లు పాత జీతం మీదే పెంపు లెక్క కడుతుంది.

సీటీసీ వేరు, చేతికొచ్చేది వేరు

ఏడాదికి రూ.6 లక్షల సీటీసీ అంటే నెలకు రూ.50 వేలు అనుకోకండి. ఉదాహరణకు అందులో వేరియబుల్ పే రూ.60,000 ఉందనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు రూ.1,800 చొప్పున రూ.21,600. బేసిక్ రూ.3 లక్షలైతే గ్రాట్యుటీ కింద సుమారు రూ.14,430 చూపిస్తారు. మీ వాటా పీఎఫ్ మరో రూ.21,600, కర్ణాటక వృత్తి పన్ను రూ.2,500 కూడా పోతే నెలకు చేతికొచ్చేది దాదాపు రూ.40 వేలే. అందుకే ఎవరి జీతంతో పోల్చినా సీటీసీని సీటీసీతో, చేతికొచ్చేదాన్ని చేతికొచ్చేదానితోనే పోల్చాలి.

ఎక్కడ తెలుసుకోవాలి?

అంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్‌లలో కంపెనీ, హోదాల వారీగా జీతాలు కనిపిస్తాయి. అవి ఉద్యోగులు తామే ఇచ్చిన వివరాలు. కాబట్టి బెంగళూరుకు, మీ అనుభవానికి సంబంధించినవే చూడండి. ఎంతమంది ఇచ్చారో గమనించండి. ఇద్దరు ముగ్గురు చెప్పినదాన్ని నమ్ముకోవద్దు.

అదే పనిలో ఉన్న కాలేజీ సీనియర్లను కనీసం ముగ్గురిని అడగండి. ‘మీ జీతమెంత?’ అంటే చెప్పడానికి మొహమాటపడతారు. ‘రెండేళ్ల అనుభవం ఉన్నవారికి ఈ పనికి ఎంత నుంచి ఎంత ఇస్తున్నారు?’ అంటే చెబుతారు.

గార్మెంట్ ఫ్యాక్టరీ, హోటల్, సెక్యూరిటీ పనులకు వెళ్లేవారు కర్ణాటక కార్మిక శాఖ ప్రకటించే కనీస వేతనాలు చూడాలి. పనిని, నైపుణ్యాన్ని బట్టి ఈ రేట్లు వేర్వేరుగా ఉంటాయి. వీటిలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1 నుంచి మారుతుంది. అంతకంటే తక్కువ ఇవ్వడం చట్టవిరుద్ధం.

అడిగేటప్పుడు

బెంగళూరులో ఇంటి అడ్వాన్సే చాలాచోట్ల ఐదు నుంచి పది నెలల అద్దె ఉంటుంది. అద్దె, ప్రయాణం, ఇంటికి పంపే డబ్బు కలిపి మీకు కావాల్సిన కనీస మొత్తం ముందే రాసుకోండి. అయితే కంపెనీ ముందు ఖర్చుల చిట్టా విప్పకండి. ‘ఈ పనికి, ఈ అనుభవానికి ఇక్కడ ఇంత నుంచి ఇంత ఇస్తున్నారు’ అని మర్యాదగా చెప్పండి. మీరు చెప్పే కింది అంకె కూడా మీకు సరిపోయేదై ఉండాలి. చాలాసార్లు కంపెనీ పట్టుకునేది దాన్నే.

ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అన్నది ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా చూసుకున్నాకే పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.