బండి ఒణికితే ఇంజిన్ పోయినట్టేనా?

సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్న తమ్ముళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, నిలబెడితే ఒణుకుతున్నది, ఆగిపోతున్నది." షెడ్డుకు పోతే మొదటి మాటే "ఇంజెక్టర్లు పోయినయ్" అంటరు. కిస్తీలు కట్టేటోని గుండె జారుతది. నేను చెప్పేది, తక్కువ ఖర్చు కాడికెల్లి మొదలువెట్టున్రి.

ముందుగాల డీజిల్ ఫిల్టర్. అడుగున నీళ్లు చేరితే వదలాలె, మూసుకపోతే మార్చాలె. తర్వాత డీజిల్ పైపులు. చీలిక ఉంటే గాలి గుంజుతది. పొద్దుగాల స్టార్టింగ్ కష్టమైతది, ఆర్‌పీఎం ఊగుతది. ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుసుకొనే ఉంటే నల్లపొగ వస్తది. ఆర్‌పీఎం నిలకడగుండి క్యాబిన్ ఒక్కటే అదిరితే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూడున్రి.

ఇవన్నీ సరిగున్నంకనే ఇంజెక్టర్లు. ఒక్కోదాని రిటర్న్ పైపుకు సీసా పెట్టి టెస్ట్ చేస్తరు. ఏ సీసల డీజిల్ ఎక్కువ నిండితే అనుమానం దానిమీదనే. కండ్లతోని చూసినంకనే పైసలియ్యిన్రి. ఇంజిన్ నడుస్తుంటే ఇంజెక్టర్ పైపులు మాత్రం మీరు విప్పొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ తోలులకు దూసుకపోతది.

కొనేటప్పుడు ఇంజిన్ సల్లగున్నప్పుడే పోవాలె. మీరు పోయేసరికే బానెట్ వేడిగుంటే, ముందుగాలనే స్టార్ట్ చేసిండ్రన్నట్టు. ఆ రోజు బయానా ఇయ్యకున్రి, తెల్లారి మళ్లా పోయి చూడున్రి.

మెకానిక్ అన్నతోని పంచాయితీ వద్దు. గని ఏ సామాను ఎందుకు మారుస్తున్నడో అడుగున్రి, పాతది చేతికి తీసుకోన్రి.