మందు కల్లు మానడం: అపోహలు – వాస్తవాలు

నిజామాబాద్ జిల్లాలో కల్లు సాయంత్రపు అలవాటు. ముప్కాల్ వైపు పసుపు చేల నుంచి వచ్చినవారికైనా, ఒకప్పుడు బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవారికైనా ఒళ్లు నొప్పులకు అదే విరుగుడని నమ్మకం. ఆడవాళ్లు తాగినా ఊరు తప్పు పట్టదు. అలవాటు ఇంత సహజంగా కలిసిపోయిన చోట దాన్ని మానడం గురించి అపోహలూ అంతే సహజంగా పాతుకుపోతాయి.

మొదటి అపోహ, సీసాలో ఉన్నది చెట్టు కల్లేనని. ఈత, తాటి చెట్ల నీరా గాలిలోని ఈస్టుతో పులిస్తే కల్లవుతుంది. అందులో ఉండేది కొద్ది శాతం ఆల్కహాలే. గిరాకీకి చెట్లు చాలని చోట నీళ్లలో చక్కెర, శాకరిన్, వాటితోపాటు డైజపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుస్తాయి. అదే మందు కల్లు. 2025 ఏప్రిల్‌లో పొరుగున ఉన్న కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలైంది కల్తీ కల్లు తాగినందుకే. ఈ మత్తుమందులు ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన రాసేవి. సీసాలో ఆ లెక్క ఉండదు. అలవాటైన మనిషి కల్లు మానుతున్నాననుకుంటాడు గానీ నిజానికి అతను మానాల్సింది ఈ మందును.

ఇక్కడి నుంచే అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ మొదలవుతుంది: మొండిగా ఒక్కసారే ఆపేస్తే పీడ పోతుందని. ఈ మందులు మెదడులో ఉద్రేకాన్ని అణచే ‘గాబా’ అనే రసాయనం పనిని పెంచుతాయి. నెలల తరబడి అవి అందుతుంటే మెదడు తన సొంత అణచివేతను తగ్గించుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకాన్ని పట్టి ఆపే చెయ్యి ఉండదు. నిద్ర రాదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు కూడా. అల్ప్రాజోలమ్ రక్తంలో సుమారు 11 గంటల్లోనే సగానికి తగ్గుతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి. 2015లో కల్తీపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఇలాంటి రోగులు వరుసగా వచ్చారు. దాడులు అవసరమే, కానీ వైద్యం సిద్ధం చేయకుండా సరుకు ఆపితే భారమంతా తాగినవారి నరాల మీద పడుతుంది. సరైన పద్ధతి డాక్టరు పర్యవేక్షణలో తగిన మోతాదు మందు ఇచ్చి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించడం.

ఆ వణుకు, పలవరింత చూసి గాలి సోకిందనో, పిచ్చెక్కిందనో అనుకోవడం మరో అపోహ. తాయెత్తు కట్టే లోపు ఫిట్స్ రావచ్చు. సీసా తాగిస్తే నెమ్మదిస్తున్నాడు కదా, కల్లే మందు అన్న వాదన కూడా వినిపిస్తుంది. నెమ్మదించేది నిజమే. శరీరం ఆ మత్తుమందుకు బానిసైందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఒంట్లోంచి మందు దిగినంత మాత్రాన అలవాటు పోదు. అది 21 రోజుల్లో మారుతుందన్న మాట 1960లో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ తన రోగుల గురించి రాసిన గమనిక నుంచి పుట్టింది. లండన్ పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టమేమీ జరగలేదు.

మనోబలం లేకనే మానలేకపోతున్నాడన్న నింద కూడా నిలవదు. 1971లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అధ్యయనం చేశారు. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవారిలో ఇంటికి చేరిన ఏడాదిలో మళ్లీ బానిసలైంది 5 శాతం మందే. మారింది వాళ్ల చుట్టూ ఉన్న చోటు, తోటివాళ్లు. దుకాణం ముందు నుంచే ఇంటికి నడిచే మనిషికి దారి మార్చుకోవడం, ఆ వేళకు మరో పని పెట్టుకోవడం ఒట్టు కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉచిత నంబర్లు. కొన్నాళ్లు మానినవారు ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన సంగతి ఒకటుంది. విరామంలో మందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, మునుపు అలవాటైన రెండు మూడు సీసాలే ఇప్పుడు ఊపిరి ఆగేంత మోతాదు కావచ్చు.