ప్రేమకీ మత్తుకీ ఒకే తాళంచెవి

చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేస్తున్న పాఠకురాలు రాశారు: “మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఎప్పుడు చూసినా ప్రేమ కబుర్లే. ఇలాంటి పిల్లలే రేపు వేపులకీ మందుకీ అలవాటు పడతారని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?”

సింగపూర్‌లో ఈ భయం ఇప్పుడు ఇంటింటా ఉంది. ఆపరేషన్ ముందు స్పృహ తప్పించే ఎటోమిడేట్ కలిపిన వేపులు, అంటే ‘కేపాడ్’లు కుర్రకారు చేతికి రావడంతో, 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం దాన్ని సి తరగతి మాదకద్రవ్యాల్లో చేర్చింది.

ప్రేమకీ మత్తుకీ చుట్టరికం ఉందో లేదో తెలియాలంటే మెదడులోకి చూడాలి. అక్కడ న్యూక్లియస్ అక్యుంబెన్స్ అని చిన్న భాగం ఉంది. అందులో డోపమిన్ అనే రసాయనం పెరిగితే మనసు దేనివెంటో పడుతుంది. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో దింపిన కరెంటు తీగ గురి తప్పి వేరేచోట దిగింది. ఆ కరెంటు కోసం ఎలుక మళ్లీ మళ్లీ ఎగబడింది. ‘ఆనంద కేంద్రం’ దొరికిందని లోకం సంబరపడింది. దొరికింది ఆనందం కాదు, ఆరాటం అని కెంట్ బెరిడ్జ్ లాంటి శాస్త్రవేత్తలు తేల్చేసరికి దశాబ్దాలు గడిచాయి.

అసలు ముచ్చట ప్రేరీ వోల్‌ది. అమెరికా గడ్డిమైదానాల్లో బతికే ఈ ఎలుకలాంటి జీవి జతకట్టి కాపురం చేస్తుంది. జత కుదరాలంటే డోపమిన్‌ని అందుకునే గ్రాహకాల్లో డి2 రకం పని చేయాలి. కుదిరాక మగదాని మెదడులో డి1 గ్రాహకాలు పెరుగుతాయి. కొత్త ఆడది దగ్గరికొస్తే తరిమికొట్టించేవి ఇవే! బ్రాండన్ అరగోనా, జువోషిన్ వాంగ్ బృందం 2006లో చూపిన సంగతి ఇది. 2011లో వాంగ్ బృందం వోల్స్‌కి ఆంఫెటమిన్ అనే మత్తుమందు ఇచ్చింది. ఒంటరి మగవి మందు ఎక్కించిన గదికే ఎగబడ్డాయి, జతకట్టినవి పట్టించుకోలేదు. డోపమిన్ మాత్రం రెండింట్లోనూ ఒకేలా ఊరింది. తాళంచెవి, అంటే డోపమిన్, అదే; మారింది తాళం, అంటే గ్రాహకం: మందు పడ్డాక ఒంటరివాటిలో డి1 పెరిగితే, జతకట్టినవాటిలో తగ్గింది. అంతకు ఏడాది ముందు తిరగేసి కూడా చూశారు. ముందే ఆంఫెటమిన్ ఎక్కినవాటికి జత కుదరలేదు, అదీ డి1 వల్లనే. ఆక్సిటోసిన్ని ‘ప్రేమ హార్మోను’ అని ఊదరగొట్టినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? దాని గ్రాహకం లేకుండా పుట్టించిన వోల్స్ కూడా శుభ్రంగా జతకట్టాయని 2023లో తేలింది.

పదిహేనేళ్ల పిల్ల వోల్ కాదు, నిజమే. ఆ వయసు ప్రేమలో కాపురం ఉండదు, ఊహే ఎక్కువ. కారా జాయ్‌నర్, రిచర్డ్ ఉడ్రీ 2000లో అమెరికా టీనేజర్ల సర్వే చూస్తే, ప్రేమలో పడ్డవాళ్లకి దిగులు పెరిగింది, ఆడపిల్లలకి మరీను. అయినా మత్తు నేరం ప్రేమ మీద మోపడానికి నేను ఒప్పుకోను. నా అనుమానం స్నేహాల మీద. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు ఆట ఆడిస్తే, 13-16 ఏళ్లవాళ్లు స్నేహితుల ముందు దాదాపు రెట్టింపు తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు.

మరి ఈ డి1 మీద పనిచేసే మందుతో వ్యసనం కుదురుతుందా అంటారా? డి1ని మూసే ఎకోపిపామ్‌ని కొకైన్ వ్యసనం మీద ప్రయోగించారు, పనిచేయలేదు. మందు మీద ఆశ పెట్టుకోలేం, ప్రేమ మీద నేరం మోపలేం. కాబట్టి అమ్మా, పిల్లని ప్రేమ కబుర్లు చెప్పనివ్వండి. సాయంత్రాలు ఎవరెవరితో తిరుగుతోందో మాత్రం అడుగుతూ ఉండండి.