బండిలో లేని డాక్టరు

108 అంటే ఏమిటో ఈవేళ పల్లెటూళ్ళో చిన్నపిల్లవాడినడిగినా చెబుతాడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ ప్రారంభించిన ఈ సర్వీసు తర్వాత అనేక రాష్ట్రాలకు పాకింది. మనకు కనిపించేది కుయ్ కుయ్‌మని వచ్చే బండి, డ్రైవరు, టెక్నీషియను. సాధారణంగా ఆ బండిలో డాక్టరుండడు. మరి దారిలో జరిగే వైద్యానికి పూచీ ఎవరిది?

ఆ పూచీ వహించే డాక్టరునే మెడికల్ డైరెక్టరంటారు. తన కంటికి కనపడని రోగికి, వేరొకరి చేతులతో వైద్యం చేయించడం ఆయన పని. టెక్నీషియను ఫోను చేస్తే సలహా చెప్పే డాక్టర్లు మన 108లోనూ ఉన్నారు. అయితే డైరెక్టరు బాధ్యత ఫోనుతో తీరదు. అది బండి కదలకముందే మొదలవుతుంది.

ఏ జబ్బుకు ఏం చెయ్యాలో ముందుగానే రాసిపెట్టి, దాన్ని చేత్తో చేయించి నేర్పాలి. ఇందుకు ప్రాంతం తెలియాలి. మాది హనుమాన్ జంక్షన్ దగ్గర వ్యవసాయ కుటుంబం గనుక చేలల్లోని సంగతులే చెబుతాను. కట్లపాము కరిస్తే వాపు, నొప్పి పెద్దగా ఉండవు. "ఏం కాలేదులే" అనుకుంటాం. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. అప్పుడు ఆసుపత్రి చేరేదాకా సంచీతో గాలి కొట్టగలిగితే మనిషి దక్కుతాడు. పురుగుమందు తాగినవాడికి ఉప్పునీళ్ళు పట్టి కక్కించబోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ మందు తడిసిన బట్టలు తీసెయ్యాలి, ఒళ్ళు కడగాలి. ఆర్గనోఫాస్ఫేటు మందులకు అట్రోపిన్ ఇవ్వాలి. అదీ ఒక్క సూదితో ఆపకుండా, రొమ్ములో తడి ఆరేదాకా చూసుకుంటూ ఇవ్వాలి. డెల్టాలో పనిచేసే డైరెక్టరుకు గుండెపోటుతోపాటు ఇవన్నీ కొట్టినపిండి కావాలి.

రెండోది, ఎక్కడికి తీసుకుపోవాలన్న ప్రశ్న. జంక్షన్లో నిలబడితే తూర్పున ఏలూరు, పడమట విజయవాడ, అటు నూజివీడు, ఇటు గుడివాడ. ఊపిరాడనివాడికి దగ్గరి ఆసుపత్రే దిక్కు. పక్షవాతం వచ్చినవాడికి సి.టి. స్కాను ఉన్నచోటే మేలు. ఎందుకంటే రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. బంధువులు తలా ఒక ఊరి పేరు చెబుతుంటే టెక్నీషియను తడబడకూడదు. ఆ నిర్ణయానికి ఆధారం డైరెక్టరు ముందే ఇచ్చి ఉండాలి.

మూడోది, రోగిని దింపాక జరిగే పని. బండి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో లెక్కపెట్టడం సులభం. దారిలో ఏం చేశారు, ఆ రోగి చివరకు ఏమయ్యాడు అని కాగితాలు చదివి అడిగేవాడే మంచి డైరెక్టరు. "అక్కడ పొరపాటు జరిగిందండీ" అని టెక్నీషియను భయం లేకుండా చెప్పగలగాలి. భయపెడితే తప్పు దాగుతుంది, మళ్ళీ మరొకరి ప్రాణం మీదికి వస్తుంది. అలాగని నేర్పినా నేర్చుకోనివాణ్ణి బండి ఎక్కనివ్వకపోవడం కూడా ఆయన ధర్మమే.

అమెరికాలో పిట్స్‌బర్గు నగరంలో 1967లో ఫ్రీడం హౌస్ అనే అంబులెన్సు సర్వీసు మొదలైంది. అందులో పనిచేసినవారు చాలామంది ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులు. 1970ల నడుమ దానికి మెడికల్ డైరెక్టరైన డాక్టర్ నాన్సీ కెరొలిన్ వారితోపాటు తానూ బండెక్కి తిరిగింది, వీధిలోనే పాఠం చెప్పింది. 1979లో వెలువడిన ఆమె పుస్తకం తర్వాతి తరాల పారామెడిక్కులకు పాఠ్యగ్రంథమైంది. డైరెక్టరు గదిలో కూర్చుంటే రాని తెలివి బండిలో కూర్చుంటే వస్తుందన్నమాట.

బండ్లు కొనేటప్పుడు జెండా ఊపుతాం, ఫోటోలు తీయించుకుంటాం. వాటి వెనకుండే డాక్టరు ఎవరని మాత్రం ఎవరమూ అడగం. మన కాలేజీనుంచి వైద్యం వైపు వెళ్ళే మిత్రులు ఈ ఉద్యోగాన్ని కూడా ఒక మంచి వృత్తిగా తలచాలని నా మనవి. అర్ధరాత్రి చేను గట్టుమీద పాము కరిచిన కూలీకి ఆ డాక్టరు ముఖం ఎన్నడూ తెలియకపోవచ్చు. ఆయన నేర్పిన చేతులు మాత్రం తెలుస్తాయి.