బీచ్‌లో పేరుకున్న ఆ గడ్డి చెత్త కాదు!

ఇబిజా అనగానే మనకి రీల్స్‌లో కనిపించేది నీలం నీళ్లు, తెల్లటి ఇసుక. కానీ చలికాలంలో చూస్తే అక్కడి కొన్ని బీచ్‌ల నిండా గోధుమరంగు గడ్డి గుట్టలుంటాయి. "ఛీ, ఈ చెత్త తీసేయరా?" అని టూరిస్టుల కంప్లైంట్. ఇవాళ నేను చెప్పబోయేది ఆ "చెత్త" గురించే.

దాని పేరు పొసిడోనియా ఓషియానికా. మధ్యధరా సముద్రంలో తప్ప ఇంకెక్కడా పెరగదు. చాలామంది నాచు అనుకుంటారు గానీ, నాచు కాదండి. దీనికి వేర్లున్నాయి, పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది. నీళ్లడుగున పచ్చిక బయళ్లలా పరుచుకుని, ఏటా పాత ఆకులు రాలుస్తుంది. అలలు వాటిని ఒడ్డుకి తోస్తే, ఇసుకతో కలిసి పొరలు పొరలుగా పేరుకుంటాయి. కొన్నిచోట్ల మీటరు ఎత్తు దాటుతాయి!

ఇప్పుడు అసలు సంగతి. తుపాను అల వచ్చినప్పుడు ముందు ఆ గుట్టకే తగులుతుంది. ఊపు అక్కడే తగ్గి, వెనకున్న ఇసుక నిలుస్తుంది. అదే గుట్టని మెషిన్‌తో ఎత్తేస్తే? గడ్డి ఒక్కటే పోదు, అందులో చిక్కుకున్న ఇసుక కూడా లారీ ఎక్కేస్తుంది. అంటే టూరిస్టుల కోసం బీచ్ క్లీన్ చేస్తూ, ఆ బీచ్‌నే కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నారన్నమాట.

ఆ గడ్డిలో బతికే చిన్న చిన్న జీవులు పక్షులకి తిండి. ఎండిన ఆకులు గాలికి కొట్టుకెళ్లి, ఇసుక దిబ్బల మీది మొక్కలకి ఎరువవుతాయి.

ఇంకోటి వినండి. ఈ గడ్డి పీచు అలల్లో దొర్లి దొర్లి బంతుల్లా ఉండలు కడుతుంది. మయోర్కా దీవి బీచ్‌లలో దొరికిన 198 ఉండల్ని బార్సిలోనా యూనివర్సిటీ పరిశోధకులు చూస్తే, 17 శాతం ఉండల్లో ప్లాస్టిక్ కనిపించింది. కిలోకి దాదాపు 1,500 ముక్కల దాకా! 2021లో వచ్చిందీ స్టడీ. మనం పారేసింది గడ్డి మనకే తిరిగి తెచ్చిస్తోంది.

కుళ్లితే వాసన రాదా అంటే, వస్తుంది. హోటళ్లవాళ్ల ఇబ్బంది నిజమే. అందుకే చలికాలమంతా వదిలేసి, సీజన్ ముందు ఇసుక పోకుండా జాగ్రత్తగా తీయడం మేలు. ఇబిజా ఉన్న బాలియారిక్ దీవుల ప్రభుత్వం 2018లో పొసిడోనియా రక్షణకే ప్రత్యేకంగా ఒక డిక్రీ తెచ్చింది.

నేననేది ఒక్కటే: గడ్డి ఉందని ఏ బీచ్‌కైనా రివ్యూలో ఒక స్టార్ తగ్గించేముందు, ఆ ఇసుకని కాపాడుతున్నదేంటో ఒక్కసారి చూడండి.