దిండు మోకాలి కింద వద్దు

మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవారు ఇంటికి బయలుదేరే రోజున మా వార్డు సందడిగా ఉంటుంది. ఒకరు బిల్లు కట్టడానికి వెళ్తారు, ఇంకొకరు చీటీ పట్టుకుని మందుల కోసం పరుగెత్తుతారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఆటో వచ్చేస్తుంది. ఆ తొందరలో మేము చెప్పే జాగ్రత్తలు సగమైనా చెవిన పడవు. అందుకే వాటిని ఈ పేజీలో రాసి పెడుతున్నాం.

ఒక పెద్దావిడ ఆపరేషన్ అయిన ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవడానికి వచ్చారు. గాయం చక్కగా మానింది. జ్వరం లేదు, చీము లేదు. కానీ కాలు తిన్నగా చాచలేకపోతున్నారు, కుంటుతున్నారు. విచారిస్తే కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తగారికి హాయిగా ఉంటుందని పగలూ రాత్రీ మోకాలి కింద మెత్తని దిండు పెట్టిందట. "మీరు లేవకండి అత్తయ్యా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాను" అనేదట. ఆ అమ్మాయి చేసినదంతా ప్రేమతోనే. ఇంటికి పంపేరోజున ఆమెను కూర్చోబెట్టి చెప్పవలసినది, మేము కొడుకుకు చెప్పి ఊరుకున్నాం.

వంచి ఉంచితే మోకాలికి సుఖంగానే ఉంటుంది. అయితే మొదటి వారాల్లో కీలు చుట్టూ ఉన్న పొర, వెనుక కండరాలు బిగుసుకుపోతాయి. వంగినచోటే బిగిస్తే తర్వాత చాచడం చాలా కష్టం. అందుచేత తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. తొడ కండరం బిగించి, మోకాలిని పరుపువైపు అదిమి ఐదు లెక్కపెట్టి వదలండి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేయాలి. వంచడానికి కుర్చీలో కూర్చుని పాదాన్ని నేలమీద మెల్లగా వెనక్కి జరపండి. నొప్పి తప్పదు. వ్యాయామానికి అరగంట ముందు డాక్టరుగారు రాసిన నొప్పి మాత్ర వేసుకుంటే ఓర్చుకోవచ్చు. తర్వాత ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. వాపు, వెచ్చదనం కొన్ని నెలలు ఉండటం మామూలే.

మంచంమీదే ఉంటే మరో ప్రమాదం ఉంది. పిక్కలో రక్తం గడ్డకట్టవచ్చు. వాకరు పట్టుకుని గంటకోసారి ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేయాలి. నేలమీద కూర్చోవద్దు. కమోడు కుర్చీ తెచ్చుకోండి. గుమ్మం దగ్గర జారే పట్టాలు తీసేయండి.

పథ్యం గురించి ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని చారునీళ్లతో సరిపెట్టేవారు ఇంకా ఉన్నారు. గాయం మానడానికి కావలసినవి ఆ పప్పూ గుడ్డే. షుగరు ఉన్నవారు మాత్రం మందులు తప్పకుండా వాడి, దాన్ని అదుపులో ఉంచుకోవాలి.

పిక్క వాచి నొప్పిగా ఉంటే తైలం రాసి మర్దన చేయకండి, వెంటనే రండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అర్ధరాత్రయినా దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడినా, రసి కారినా ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని సరిపెట్టుకోవద్దు. పసుపు, పసర్లు అసలే వద్దు.

పరామర్శకు వచ్చే సంఘస్థులారా, రోగి మంచం చుట్టూ గంటసేపు కూర్చోకండి. ప్రార్థన చేసి, "రండి అక్కా, వరండా వరకు నడుద్దాం" అని లేవదీయండి. స్త్రీల సమాజం వారు రోజుకొకరు ఇలా వెళ్తే మా ఫిజియోథెరపీ విభాగానికి సగం పని తగ్గుతుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: "మళ్లీ మోకరించి ప్రార్థన చేసుకోవచ్చా?" మొదటి నెలల్లో వద్దు. గాయం పూర్తిగా మాని, మోకాలు బాగా వంగాక డాక్టరుగారిని అడిగి మెత్తని దిండుమీద ప్రయత్నించవచ్చు. కొందరికి వీలవుతుంది. కొందరికి మచ్చ పక్కన తిమ్మిరిగా, ఇబ్బందిగా ఉంటుంది. అంతవరకు గుడిలో చివరి వరుసన కుర్చీ వేయించుకోండి. లేచి నిలబడేటప్పుడు తొందరపడకండి, పాట రెండో చరణానికి లేచినా ఎవరూ ఏమీ అనుకోరు.